కార్ల కళ్ల డాక్టరు

మూడోసారి కూడా కారులోని ఎర్ర లైటు ఆరలేదు.

అమ్మ మళ్లీ టేపు తీసింది. కారు ముందు నిలబెట్టిన నలుపు తెలుపు గళ్ల బోర్డు దాకా నేలమీద కొలిచింది. ఆ గళ్లను చూసే కారు కెమెరా దూరాలు నేర్చుకుంటుంది. ఎవరైనా అడ్డొస్తే కారు తనంతట తానే బ్రేకు వేయాలంటే, ముందరి అద్దం వెనక పైన ఉండే ఆ కన్ను సరిగ్గా పనిచేయాలి.

బడి నుంచి నేరుగా షెడ్డుకొచ్చిన కూతురు స్టూలు మీద కూర్చుంది. నోరు మూతపడదు కాబట్టి ఆ పిల్లను అందరూ ‘రేడియో’ అంటారు. “మా అమ్మగారు మామూలు కళ్ల డాక్టరు కారు, కార్ల కళ్ల డాక్టరు!” అని క్లాసంతా చాటింది. అమ్మ సరిచేసిన కారు ఒక్కటీ తిరిగి రాలేదు మరి!

ఇప్పుడు మాత్రం రేడియో కిక్కురుమనడం లేదు.

“ఏంటక్కా, టేపు సాగిందా?” పక్క కారుకు రంగు వేస్తున్న పెయింటరు నవ్వాడు.

“సాగింది నీ నాలుక. రంగుతో పాటు దాన్నీ ఆరబెట్టుకో,” అంది అమ్మ. చెమట తుడుచుకుని కాగితం అందుకుంది. “కెమెరాయే పోయినట్టుంది. మార్చాలని రాసేస్తా.”

రేడియో కారు అద్దం వైపు చూసింది. ఇందాక అమ్మ అద్దం తుడిచి చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, స్టూలెక్కి అద్దం పైభాగంలో ఒక నక్షత్రం అంటించింది. టీచరు ఇచ్చిన ముదురు నీలం స్టిక్కరు. అమ్మ సరిచేసిన కారని గుర్తుగా! అక్కడి నల్ల గాజులో అది కలిసిపోయింది.

చెబితే పెయింటరు అమ్మను ఏడిపిస్తాడు. చెప్పకపోతే అమ్మ తప్పు రాసేస్తుంది.

“అమ్మా, రాయకు! కెమెరా పోలేదు. దాని ముందు నేనే స్టిక్కరు అంటించాను.”

అమ్మ కలం ఆగింది. నక్షత్రాన్ని గోటితో ఊడదీసింది. అద్దం తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. లైటు టక్కున ఆరిపోయింది.

“నాలుగుసార్లు నేల కొలిచాను, రెండోసారి అద్దం చూడలేదు,” అని తన తలమీద తనే ఒక్కటి వేసుకుంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. “నువ్వు కూడా అంటించేముందు ఒక్క మాట అడగాలి.”

“ఊఁ.”

అంతలో కారు యజమాని తాతగారు వచ్చారు. “ఇంత ఆలస్యమైందేమ్మా? పని కుదర్లేదా?”

పెయింటరు మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. అమ్మ నోరు తెరిచేలోపు రేడియో స్టూలు దిగి ఎదురుగా నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం షెడ్డంతా వినిపించింది.

“కుదిరింది తాతగారూ! కారు కంట్లో నలుసు వేసింది నేను. తీసింది మా అమ్మ!”