గుమ్మం ముక్కు

2084 నాటికి కాకినాడలో బస్సులు ఎగురుతున్నాయి, లేటుగానే. కాలింగ్ బెల్లులు పోయాయి. రిషాంక్‌రావు ఇంటి గుమ్మానికైతే బెల్లు ఉండాల్సిన చోట ముక్కు ఉంది.

దాని అసలు పేరు శ్వాసఘ్రాణి. తయారుచేసిన డాక్టర్ లోహిత తప్ప ఆ పేరు ఎవరూ పలకరు. వచ్చినవాళ్ల ఊపిరిలో వైరస్ ఉంటే వాసన పట్టి, తలుపు తియ్యదు. ఎందుకు తియ్యలేదో గట్టిగా చెబుతుంది కూడా.

రిషాంక్‌రావులో ఉన్నది చెల్లెలు తన్వి ఇచ్చిన కిడ్నీ. ఒంటి లెక్కలో అది పరాయిది. దాన్ని తరిమెయ్యకుండా రోజూ ఇమ్యునిటీ తగ్గించే మాత్రలు వేసుకోవాలి. 'మొహమాటం మాత్రలు' అంటుంది లోహిత. అవి వేసుకుంటే ఒళ్లు కిడ్నీని ఏమీ అనదు. అదే మొహమాటంతో వైరస్‌నీ ఏమీ అనదు. మామూలు మనిషికి నాలుగు తుమ్ములతో పోయే ఎడినోవైరస్ ఇలాంటివాళ్లకి కిడ్నీలో దిగి కాపురం పెట్టగలదు. అప్పుడు మాత్రలు తగ్గించాలి. తగ్గిస్తే ఒంటికి మొహమాటం పోయి కిడ్నీ మీదే పడొచ్చు.

ఇదంతా తెలిసిన తన్వి ఒక ఆదివారం కాజాల డబ్బాతో వచ్చింది.

"ఎడినోవైరస్. లోపలికి రాకూడదు," అంది ముక్కు, వీధంతా వినపడేలా.

"వదినా! ఏంటిది?"

రిషాంక్‌రావు భార్య హన్విక కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "నీకేమైనా జలుబు..."

"జలుబేంటి? దుమ్ము పడక తుమ్మాను. కిడ్నీ ఇచ్చినదాన్ని గుమ్మంలో నిలబెడతారా? ఎదురింటావిడ చూస్తోంది!"

ఎదురింటావిడ నిజంగానే చూస్తోంది. దాంతో సైన్సు పని అయిపోయింది. హన్విక ముక్కుకి తువ్వాలు చుట్టి, చేత్తో గడియ తీసింది. రిషాంక్‌రావు రెండు కాజాలు తిన్నాడు.

నెల తిరక్కుండా హాస్పిటల్లో చేరాడు. కిడ్నీ చావు తప్పి బయటపడింది.

"ముక్కు చెప్పలేదా?" అడిగింది లోహిత.

"చెప్పిందమ్మా. మరీ మొహం మీదే చెప్పేసింది," అంది హన్విక.

"అందుకని?"

"బాగోదు కదా అని తలుపు తీశాం."

"ఇంకోసారి వైరస్ దిగితే ఈ కిడ్నీ దక్కదు. ఇంకొకటి ఇవ్వడానికి ఆయనకి ఇంకో చెల్లెలు కూడా లేదు."

లోహిత యంత్రాన్ని విప్పి చూసింది. లోపం దొరికింది: అది నిజం చెబుతోంది. గడియ పీకించి, దానికి అబద్ధం నేర్పింది.

మళ్లీ తన్వి వచ్చింది, మళ్లీ జలుబుతో.

"రిషాంక్‌రావు గారు ఊళ్లో లేరండి. అన్నవరం వెళ్లారు."

లోపల టీవీ మోగుతోంది. "హన్వీ, కాఫీ!" అన్న అన్నయ్య గొంతు తన్వికి స్పష్టంగా వినపడింది.

"అలాగా? వచ్చి వెళ్లానని చెప్పు," అని సంతోషంగా వెళ్లిపోయింది.

ఆర్నెల్లు కిడ్నీ హాయిగా ఉంది. ఆ తర్వాత పాత కొలీగ్ కూతురి రిసెప్షన్ వచ్చింది. డాక్టర్ వద్దంది.

"మొహం చూపించి వచ్చేస్తాను. వెళ్లకపోతే బాగోదు," అని రిషాంక్‌రావు వెళ్లాడు. ఫొటోలో బాగోదని మాస్కు తీశాడు. అక్షింతలు వేశాడు, ముక్కు చీదుకుంటున్న వియ్యంకుణ్ణి కౌగిలించుకున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి తన గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇంట్లో ఎవరూ లేరు.

ముక్కు వాసన చూసింది. "రిషాంక్‌రావు గారు ఊళ్లో లేరండి. అన్నవరం వెళ్లారు."

ఆయనకి విషయం అర్థమైంది. తిన్నగా హాస్పిటల్‌కి పరిగెత్తాలి. ఈలోగా ఎదురింటావిడ బయటికొచ్చింది.

"అదేంటి అన్నయ్యగారూ, అన్నవరం వెళ్లారంటోంది?"

ముక్కు అబద్ధం చెబుతోందని తను అంటే, ఆర్నెల్లుగా వీధందరికీ చెప్పిందంతా అబద్ధమేనని ఒప్పుకున్నట్టే. ఆవిడకైతే నాలుగుసార్లు చెప్పింది.

"వెళ్తున్నానమ్మా, ఇదిగో ఇప్పుడే," అన్నాడు.

హాస్పిటల్ కుడివైపు. బస్టాండు ఎడమవైపు. సందు తిరిగేదాకా ఆవిడ చూస్తూనే ఉంది.

రిషాంక్‌రావు అన్నవరం బస్సెక్కాడు. కిడ్నీ కూడా మొహమాటపడి ఆయనతోనే వెళ్లింది.