సాలమ్మ బోరు ఎందుకు ఎండింది

"ముందు నా మోటారే ఆన్ చేయండి మేడమ్. అధ్యక్షుని నుంచే మొదలు కావాల గదా," అన్నాడు ఓబుళపతి, మీసం దువ్వుకుంటూ.

ఆ మాట ఎందుకన్నానురా దేవుడా అని తర్వాత చాలాసార్లు తల బాదుకున్నాడు. కానీ ఆ పొద్దున గువ్వలగొంది పాలకేంద్రం ముందు ఊరంతా కూర్చుని ఉంది. నీటి సంఘానికి అతనే అధ్యక్షుడు, ముందు కుర్చీ అతనిదే. అలాంటప్పుడు మనిషి నోరు ఊరుకుంటుందా?

గోడకు కట్టిన పెద్ద తెర మీద ఊరి అడుగుభాగం కనిపిస్తోంది. భూగర్భజలాల శాస్త్రవేత్త డాక్టర్ షంషాద్ తయారుచేసిన యంత్రం మహిమ అది. ప్రతి బోరులోకీ ఒక సెన్సర్ దింపారు. అవి నేలలోకి సన్నని శబ్దాలు పంపుతాయి. తడి రాతిలో శబ్దం ఒకలా పోతుంది, ఎండు రాతిలో ఇంకోలా. ఆ తేడాలన్నీ కలిపి, బండ పగుళ్ళలో నీళ్ళు ఎటు నుంచి ఎటు కదులుతున్నాయో కంప్యూటర్ నీలం గీతలుగా చూపిస్తుంది. కడుపులో బిడ్డను స్కానింగులో చూసినట్టే. ఊరివాళ్ళు దానికి 'అడుగుచూపు' అని పేరు పెట్టుకున్నారు. ఇక ఎవరి మోటారు ఎంతసేపు నడవాలో అదే నిర్ణయిస్తుంది. ఇన్నాళ్ళూ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారిగా లేచి, దొరికిన నీళ్ళు దొరికినట్టు తోడేసేవి.

ఓబుళపతి మోటారు మొదలైంది. నీలం గీతలు కదిలాయి. అన్నీ ఒకే వైపు నుంచి, సాలమ్మ చేను కింద నుంచి, బారులు తీరి వచ్చి అతని బోరులో పడుతున్నాయి. జనం తెర వైపు మెడలు చాచారు.

సాలమ్మ చేనుకూ ఓబుళపతి చీనీ తోటకూ, అంటే బత్తాయి తోటకూ, మధ్య ఒక్క గట్టే అడ్డం. ఆమె భర్త నారప్ప వేయించిన బోరు కొన్నేళ్ళు బాగానే పోసి, తర్వాత ఎండిపోయింది. బోరు వేసే ముందు ఇక్కడ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. కాయ నిలువునా లేచిన చోట నీళ్ళున్నట్టే, అదే బోరు పాయింటు. నారప్ప ఆ పనికి ఎవరినీ పిలవకుండా తానే కాయ పట్టుకున్నాడు. బోరు ఎండగానే, "చేతకాని చెయ్యి, పాయింటు తప్పు పెట్టినాడు" అని మొదట అన్నది ఓబుళపతే. ఊరు ఆ మాట పట్టుకుంది. నారప్ప పోయేదాకా నలుగురిలో తలెత్తి మాట్లాడలేదు. ఆ తర్వాత ఓబుళపతి జాలిపడి, తన బోరు నుంచి పైపు వేసి సాలమ్మ వేరుసెనగ చేనుకు తడులిస్తూ వచ్చాడు. ఊరు ధర్మాత్ముడంది. అతనూ కాదనలేదు.

సాలమ్మ లేచి నిలబడింది. "మేడమ్, అంటే అన్న నాకిస్తాండే నీళ్ళు యాడివి?"

షంషాద్ తెర మీద రెండు బోర్లనూ వేలితో చూపించింది. "మీ చేను కిందివేనమ్మా. ఆయన బోరు మీ బోరు కన్నా చాలా లోతు. రెండింటికీ పగులు ఒకటే కాబట్టి, నీళ్ళన్నీ అటు లాగేసింది."

"మిషను తప్పు చూపిస్తాందేమో! ఇంకోసారి చూడండి," అన్నాడు ఓబుళపతి.

"అయితే ఈసారి మీ మోటారు ఆపి చూద్దాం."

మోటారు ఆగింది. అందరూ టీలు తాగి వచ్చేసరికి, ఎండిన సాలమ్మ బోరు అడుగున సన్నగా నీలం చేరింది. అడిగి మరీ చేయించుకున్న పరీక్ష! భూమి చీలితే అందులోకి పోదామనిపించింది ఓబుళపతికి. కానీ ఆ భూమి లోపలే కదా ఇప్పుడు అందరూ కళ్ళప్పగించి చూస్తున్నది.

సాలమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. అసలు అతని వైపే చూడలేదు. తెర దగ్గరికి పోయి ఆ నీలాన్ని వేలితో తాకింది. "నా మొగుడు తప్పు పెట్టలేదు. చూడండప్పా, నా మొగుడు తప్పు పెట్టలేదు," అంటూ ఏడ్చింది. ఆమె తిట్టి ఉంటే, ఎదురు తిట్టి అయినా బయటపడేవాడు ఓబుళపతి.

ఊరి నీళ్ళ పెత్తనం అడుగుచూపు చేతికి పోయింది. సాలమ్మ బోరు మళ్ళీ పోసింది. ఓబుళపతి వంతు తగ్గింది. ఎండలు ముదిరేసరికి చివరి వరసల్లో చీనీ ఆకులు ముడుచుకున్నాయి. అతను ఎవరినీ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఒకరోజు షంషాద్ ఫోన్ చేసింది. "రేపటి నుంచి మీ తోటకు అదనంగా నీళ్ళొస్తాయండీ. సాలమ్మగారు వేరుసెనగ కాయ పీకేశారట. మిగిలిన తన వంతు మీ చెట్లకు మళ్ళించమన్నారు. యంత్రంలో అలాంటి ఏర్పాటు లేదు. ఆమె కోసం కొత్తగా ప్రోగ్రామ్ రాశాను."

"వద్దని చెప్పండి మేడమ్."

"మీరు వద్దంటారేమో అని నేనూ అన్నాను. దానికి ఆమె, చెట్లేం చేసినాయి పాపం అన్నారు."

మర్నాడు నీళ్ళొచ్చాయి. ఓబుళపతి పార పట్టుకుని పాదులు సరిచేస్తుంటే, గట్టు మీద సాలమ్మ వస్తూ కనిపించింది. అంత పొడుగు మనిషి, సంఘానికి అధ్యక్షుడు, గబుక్కున ఒక చీనీ చెట్టు వెనక్కి నక్కాడు. ఆ చెట్టు సగం మనిషిని కూడా దాచదు.

"అన్నా, చివరి చెట్టుకు అందినాయా?" అని కేకేసింది సాలమ్మ.

అందాయి. ఆ ఒక్క ముక్క చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పాదాలు మునిగేలా నీళ్ళు పారుతుంటే, ఆమె వెళ్ళిపోయేదాకా అక్కడే ఒదిగి నిలబడ్డాడు.