గాజు ఊయలలో నలభయ్యో రోజు

భీమిలి తీరంలో పొద్దుటి మంచు విడిపోతుంటే అక్కడి పిల్లల ఆసుపత్రి పై అంతస్తులు ముందు బయటపడతాయి. కింద ఇంకా తెల్లగా ఉంటుంది కాబట్టి భవనం సముద్రం మీద తేలుతున్నట్టే ఉంటుంది. మొత్తం అరవై రెండు అంతస్తులు. వాటిలో మూడు వేల గాజు ఊయలలు నేలకు జానెడు ఎత్తున, ఏ గొలుసూ లేకుండా గాలిలో నిలబడి మెల్లగా ఊగుతుంటాయి. ఒక్కో దానిలో ఒక్కో బిడ్డ కలగంటూ ఉంటుంది.

ఈ ఊయల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. జబ్బుపడిన ఒళ్లు నిద్రలోనే తొందరగా కోలుకుంటుంది. అందుకని ఊయల బిడ్డను రోజుల తరబడి నిద్రపుచ్చి, ఆ నిద్రలోనే వైద్యం చేస్తుంది. బిడ్డ కలలో భయపడకుండా అచ్చం తల్లి గొంతుతో కబుర్లు చెబుతుంది. తల్లి మొదటి రోజు రెండు గంటలు మైకు ముందు మాట్లాడితే చాలు, మిగతాది యంత్రమే చూసుకుంటుంది. ఈ ఒక్క కిటుకుతో ఇరవై ఏళ్లలో ఒసాకాలో, నైరోబీలో, లిమాలో పిల్లల ఆసుపత్రులు పుట్టగొడుగుల్లా లేచాయి. విమానాశ్రయాల కంటే అవే పెద్దవైపోయాయి.

నియమం మాత్రం ఒకటే. బిడ్డను లేపాలంటే తల్లి నోటితో "నా బిడ్డ బాగుంది" అనాలి. తల్లికి తెలిసినంత ఏ మీటరుకూ తెలియదని ఆ నియమం పెట్టారు. ఆ మాట వింటే ఊయల తల్లి గొంతుతో బిడ్డను పిలిచి లేపుతుంది. అన్ని దేశాల్లోనూ ఆరో రోజుకల్లా తల్లులు ఆ మాట అనేసి పిల్లల్ని ఎత్తుకుపోయేవారు. భీమిలిలో మాత్రం నెల దాటితే గానీ ఎవరూ కదిలేవారు కాదు. ఇక్కడి తల్లులకు మా ఆసుపత్రి అంత నచ్చిందన్నమాట అని మురిసిపోయి, కంపెనీ పెద్దలు ఏటా నాలుగేసి అంతస్తులు లేపుతూ పోయారు. ఒక్క తల్లినైనా అడిగిన పాపాన పోలేదు.

ఆ ఊయలకు గొంతు నేర్పిన ఇంజనీరు తారకం ఈ ఉదయం పందొమ్మిదో అంతస్తుకు పరుగున వచ్చాడు. లిఖిత అనే ఎనిమిదేళ్ల పాపకు ఇది నలభయ్యో రోజు. అంతకు మించి నిద్రపోతే మనసుకు కలే ఇల్లయిపోతుంది, ఇక మేలుకోవడం ఉండదు. పాప జ్వరం తగ్గి నెల దాటింది. తల్లి నూకరత్నం రోజూ సముద్రపు నాచు తోటల్లో పనికి పోతూ ఇక్కడ ఆగుతుంది. "మీ పాప బాగుందా?" అని ఊయల అడుగుతుంది. "ఏటో, అలాగే ఉంది" అని ఆమె వెళ్లిపోతుంది.

"అమ్మా, రిపోర్టులన్నీ శుభ్రంగా ఉన్నాయి. బాగుందని ఒక్క మాట ఎందుకనరు?" అన్నాడు తారకం.

నూకరత్నం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అలా అనకూడదు బాబూ. దిష్టి తగిలిపోద్ది. పెద్దోడు పుట్టినప్పుడు, నా గుంటడు బొద్దుగా ఉన్నాడని నా నోటితో నానే అన్నాను. వారం తిరక్కుండా పోనాడు. ఏ తల్లయినా అంటాదేటి?"

తారకం తల్లి కూడా అతని గురించి ఎవరడిగినా "ఏదో ఉన్నాడులెండి" అనే చెప్పేది. మూడు వేల ఊయలలూ తల్లుల భయం మీద తేలుతున్నాయని అతనికి అప్పటికి గానీ తట్టలేదు. సిగ్గేసింది.

"ఈ రోజు అనకపోతే పాప ఎప్పటికీ లేవదమ్మా," అన్నాడు.

ఆమె గాజు లోపలికి చూసింది. పాప పెదవుల మీద చిన్న నవ్వు ఉంది. నూకరత్నం కళ్లు గట్టిగా మూసుకుని, గుండె చిక్కబట్టుకుని, "నా గుంట... బాగుంది," అంది.

ఊయలలో నీలి వెలుగు నిండింది. అచ్చం ఆమె గొంతే తేనెలా పలికింది. "లేమ్మా బంగారం, తెల్లవారింది." పాప కదల్లేదు. "లే నా తల్లీ, లే నా చిట్టీ." పాప నవ్వు చెరగలేదు, కళ్లు తెరవలేదు. మూడోసారి, నాలుగోసారి పిలిచింది.

బాగుందని అన్నాను, భయపడ్డంతా అయ్యింది అనుకుంది నూకరత్నం. దుఃఖం కోపమై నెత్తికెక్కింది. రెండు చేతులతో గాజును దబదబా బాదింది.

"లేవవే మొద్దు గుంటా! ఎండ నడినెత్తికొచ్చినాది, ఇంకా తొంగున్నావేటి? ఆ తల సూడు, ఎలా సిక్కులు పడిపోనాదో! లేస్తావా, సీపురు తెమ్మంటావా?"

పాప ఉలిక్కిపడి లేచి కూర్చుంది. కళ్లు నులుముకుని, "లేత్తన్నానే అమ్మా!" అంటూ ఏడుపు మొహం పెట్టింది.

తల్లి ఊయలలోంచి పాపను లాగి గుండెలకు అదుముకుంది. ఇద్దరూ కరువు తీరా ఏడ్చారు. తేరుకున్నాక తారకం మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు. "అమ్మ అంతసేపు పిలుస్తుంటే ఎందుకు లేవలేదు పాపా?"

"ఆవిడ మా అమ్మ కాదు," అంది లిఖిత. "గొంతు మా అమ్మదే. సముద్రం మీద నన్ను నడిపించింది, సుక్కల్లో కూకోబెట్టింది. కానీ ఒక్కసారైనా తిట్టనేదు. పిల్లల్నెత్తుకుపోయేవోళ్లేమో అని, పిలిసినా ఎల్లనేదు."

తల్లుల మాటల్లోంచి తిట్లన్నీ ఏరి పారేసింది తారకమే. పసిమనసు నొచ్చుకోకూడదని అప్పట్లో ఎంతో శ్రద్ధగా చేశాడు ఆ పని. ఇప్పుడు అతను తలెత్తి వరసలు వరసలుగా తేలుతున్న ఊయలల వైపు చూశాడు. ప్రతిదానిలోంచీ ఒక తీయని గొంతు జోలపాడుతోంది.

"అమ్మా," అన్నాడు చేతులు జోడించి, "పక్క ఊయల్లో బాబుకు ముప్పై తొమ్మిదో రోజు. మీరొక్కసారి వచ్చి..."

నూకరత్నం పాప జుట్టులో చిక్కు తీస్తూనే అతని వైపు వింతగా చూసింది.

"ఆళ్ల పిల్లోణ్ణి నాను తిడితే ఆడెందుకు లేత్తాడు బాబూ? ఎల్లి ఆళ్లమ్మని తీసుకురండి."