పోశన్న కట్టిన కట్టు

ఆస్పత్రి నుంచి బయటికి వచ్చిన రోజున గంగాప్రసాద్ చేయవలసిన పనులు ఇవి. పూటపూటకూ మోకాలు మడిచి చాచాలి. వాపు వస్తే ఐసు పెట్టాలి. ఊళ్ళో అమ్మ గౌరవ్వకు ఫోన్ చేసి, "దుబాయ్‌ల కాలు జెర బెణికింది, గంతే" అని నవ్వుతూ చెప్పాలి. ఆమెకు ఖతార్ కూడా దుబాయే. బండి నడిపిన పోశన్న కాకా ఏడవకుండా చూసుకోవాలి. ఎముక అతికిందని డాక్టరు అనగానే ఫిజియోథెరపీకి వెళ్ళాలి.

ఫిజియోథెరపిస్టును ప్రేమించాలని అందులో ఎక్కడా లేదు. ఆ పని అతను సొంతంగా చేసుకున్నాడు.

దుఖాన్ రోడ్డు మీద సైటుకు వెళ్తుంటే వెనకనుంచి ఒక పెద్ద కారు వచ్చి కంపెనీ పికప్‌ను గుద్దింది. తప్పు వెనకవాడిదేనని పోలీసులు తేల్చేశారు. గంగాప్రసాద్ కుడికాలు విరిగింది. పోశన్న ఒంటిమీద గీత కూడా పడలేదు. అదే పోశన్న బాధ. గంగాప్రసాద్ వాళ్ళ వంశంలో మొదటి ఇంజినీరు. అదే ఊరివాడైన పోశన్నే అతనికి ధైర్యం చెప్పి ఖతార్ రప్పించి, కార్మికులుండే బర్వా అల్ బరాహాలో తన రూములోనే మంచం చూపించాడు.

క్లినిక్‌లో మొదటిరోజే గొడవ.

"దెబ్బ తగిలింది ఏ కాలికండీ?" అంది నీలం యూనిఫాం వేసుకున్న అమ్మాయి.

"కుడికాలికి మేడమ్."

"కర్ర ఏ చేతిలో ఉంది?"

"కుడిచేతిలో."

"మరి ఎడమచెయ్యి ఏం చేస్తోందండీ, లీవులో ఉందా?"

గంగాప్రసాద్‌కు రోషం వచ్చింది. "నేను సివిల్ ఇంజినీర్‌ని మేడమ్. గోడ ఏ పక్క ఒరిగితే ఆ పక్కనే సపోర్ట్ పెడతాం."

"గోడ నడవదండీ. మీరు నడవాలి. మార్చండి."

మార్చాడు. అడుగు హాయిగా పడింది. తలెత్తి చూశాడు. ఆ అమ్మాయి గెలిచినట్టు నవ్వుతోంది. నవ్వితే ఎడమబుగ్గ మీద చిన్న సొట్ట. ఇంజినీరు కళ్ళకు అది వెంటనే కనిపించింది.

ఆమె పేరు అక్షర. కాకినాడ పిల్ల. మాట కారం, చెయ్యి వెన్న. కానీ సొంత సంగతులు అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు.

"కాకినాడలో ఎక్కడండీ మీ ఇల్లు?"

"మోకాలు మడవండి."

"మీకు టీ ఇష్టమా, కాఫీయా?"

"ఇంకొంచెం మడవండి."

ఇలా మడుస్తూ మడుస్తూ ఉండగానే కాలు బాగుపడిపోయింది. "ఇంక కర్ర అక్కర్లేదండీ. రేపోమాపో డిశ్చార్జ్ రాసేస్తాను. మళ్ళీ మీరు ఇక్కడికి రానక్కర్లేదు" అంది అక్షర. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోవడం చూసి గంగాప్రసాద్ ముఖం మాడిపోయింది. నన్ను వదిలించుకోవడానికి ఇంత సంబరమా అనుకున్నాడు.

ఆ తర్వాతి సారి కుంటుతూ వచ్చాడు.

"ఏమైందండీ?"

"మళ్ళీ నొప్పి మేడమ్."

పక్కనే కూర్చున్న పోశన్న గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. దాంతో రూములో కూడా కుంటవలసి వచ్చింది. మెస్సులో కుంటుడు, మెట్ల మీద కుంటుడు. ఒక్క బాత్‌రూములోనే తిన్నగా నడిచేవాడు.

ఒకరోజు సాయంత్రం పోశన్న గిన్నె పట్టుకొని ఎదురుగా కూర్చున్నాడు.

"కాలు సాపు బిడ్డా."

"ఏంది కాకా గది?"

"మినపపిండి, గుడ్డు తెల్లసొన. మా తాత బర్రెల కాళ్ళు, మనుషుల కాళ్ళు ఒక్కతీరుగ కట్టేటోడు. గీ మెషిన్లతోటి గాదు."

"వద్దు కాకా!"

"ఎందుకొద్దు? మంచిగైందా?"

మంచిగైందని ఎలా అంటాడు? కాలు చాపాడు. వెదురుబద్దలు దొరకక పోశన్న పండ్ల పెట్టె చెక్కలు చీల్చి పెట్టి, పాతలుంగీ చింపి బిగించాడు. తెల్లారేసరికి అది సిమెంటులా గట్టిపడింది. వాసన మాత్రం సిమెంటుది కాదు.

క్లినిక్‌లో అక్షర ముక్కు ఎగబీల్చింది. "ఎవరైనా ఆమ్లెట్ తెచ్చారా?"

ప్యాంటు పైకి లాగి చూసి ఆమె కత్తెర అందుకుంది. తడిపి తడిపి ఊడదీస్తుంటే గంగాప్రసాద్ కేకలు పెట్టాడు.

"మోకాలు నొప్పా?"

"వెంట్రుకలు మేడమ్, వెంట్రుకలు!"

ఆ కేకలకు సీనియర్ జకియా మేడమ్ వచ్చింది. హైదరాబాద్ మనిషి. చెక్కలను చూసింది, పిండిని చూసింది, అక్షరను చూసింది. "పేషెంట్ నాటువైద్యం దాకా పోయిండంటే మన ట్రీట్‌మెంట్ మీద భరోసా లేదన్నట్టే కదా? బాగైన కాలు మళ్ళీ ఎట్ల పాడైంది అక్షరా? నీ ప్రొబేషన్ రిపోర్ట్ నేను రాయాలె. ఈ కేసు వేరేవాళ్ళకు ఇస్తున్నా."

అక్షర చేతిలో కత్తెర ఆగిపోయింది. కళ్ళు నీళ్ళతో నిండాయి.

"ఆ బిడ్డను ఏమనకుండ్రి అమ్మా" అన్నాడు పోశన్న లేచి. "తప్పు నాది. బండి నడిపింది నేను. వీడు సక్కగ నడిచేదాక స్టీరింగ్ ముట్టనని ఒట్టేసుకున్న. ఇగ వీని కాలు గిట్లనే ఉంటదంటె, కంపెనీకి చెప్పి ఇంటికి పోత."

గంగాప్రసాద్ తెల్లబోయాడు. ఇన్నాళ్ళూ కంపెనీలో ఇంకో డ్రైవరు నిజాముద్దీన్ బండి తెస్తుంటే, కాకాకు వేరే డ్యూటీ వేశారనుకున్నాడు.

లేచి నిలబడ్డాడు. పిక్కకు ఒక చెక్క ఇంకా వేలాడుతూనే ఉంది. కర్ర ముట్టుకోకుండా తలుపు దాకా తిన్నగా నడిచాడు. ప్రాక్టీసు మెట్లు ఎక్కాడు, దిగాడు, తిరిగివచ్చి తల వంచుకున్నాడు.

"మేడమ్ తప్పేం లేదండీ. నేనే కావాలని కుంటుతున్నాను."

"ఎందుకూ?" అంది అక్షర.

"కాలు బాగైతే ఇంక రానక్కర్లేదన్నారు కదా."

పోశన్న అతని వీపు మీద ఒక్కటి అంటించాడు. "దొంగోడా! నడుస్తవు గదరా!" అని, అదే వీపును నిమురుతూ ఏడ్చాడు.

"మాఫ్ చెయ్యి కాకా" అన్నాడు గంగాప్రసాద్.

జకియా మేడమ్ నవ్వాపుకుంటూ, "ప్రాబ్లం మోకాలిది కాదు. డిశ్చార్జ్ రాసెయ్యి. నీ రిపోర్ట్ మంచిగనే రాస్తా" అని వెళ్ళిపోయింది.

అక్షర మాత్రం నవ్వలేదు. "నా చేతి మీద నాకే అనుమానం వచ్చిందండీ, తెలుసా?" అంది. సంతకం చేసిన కాగితం ఇచ్చి తల తిప్పుకుంది.

బయటికి వస్తే వాన! దోహాలో వానంటే వీధికి వచ్చిన ఏనుగే. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. రోడ్డు మీద కార్లన్నీ ఈదుతున్నాయి. డ్యూటీ అయిపోయిన అక్షర ట్యాక్సీ దొరక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కు బిడ్డా, దింపుతం" అన్నాడు పోశన్న.

"బండి నడిపేదెవరండీ?"

పోశన్న కాసేపు వానను చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. "చాబీ ఇయ్యి నిజాముద్దీన్ భాయ్."

వెనక సీట్లో అక్షర ఆ కిటికీ దగ్గర, గంగాప్రసాద్ ఈ కిటికీ దగ్గర. పికప్ నత్తలా కదిలింది. వెనకాల హారన్లే హారన్లు. ముందు కూర్చున్న నిజాముద్దీన్, "యల్లా పోశన్నా, యల్లా!" అని తొందరపెట్టినా అతను వినిపించుకోలేదు.

"సారీ అండీ" అన్నాడు గంగాప్రసాద్.

రౌండబౌట్ వచ్చింది. పోశన్న ఆగాడు. అందరూ వెళ్ళేదాకా ఆగాడు. ఆ తర్వాత కూడా ఆగాడు.

"కాఫీ" అంది అక్షర కిటికీలోకి చూస్తూ.

"ఏంటండీ?"

"టీయా కాఫీయా అని అడిగారుగా. ట్రీట్‌మెంట్‌లో ఉన్న పేషెంట్‌తో ఆ మాటలు మాకు కుదరవండీ. డిశ్చార్జ్ అయ్యాక చెబుదామని నేను ఎదురుచూస్తుంటే, మీరు కుంటడం మొదలెట్టారు!"

గంగాప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకు అక్షర నవ్వేసింది. అద్దంలో పోశన్న ఆ సొట్టను చూశాడు, కానీ వెంటనే చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"అయితే కాఫీకి ఎప్పుడండీ?" అన్నాడు గంగాప్రసాద్.

"ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి నిజం చెప్పండి. తర్వాత చూద్దాం."

మీరెప్పుడైనా దోహా వస్తే, రౌండబౌట్ దగ్గర ఒక తెల్ల పికప్ మీ ముందు కదలకుండా ఉంటే దయచేసి హారన్ కొట్టకండి. అందులో మా పోశన్న ఉండవచ్చు. వెనక సీట్లో ఇద్దరు ఒకరికొకరు ఏదో చెప్పుకుంటూ ఉండవచ్చు. దారి దొరికేదాకా అతను కట్టిన కట్టును ఒకసారి తలచుకోండి.