వాసుదేవ్ వేయించిన గొట్టం

మా దీవుల్లో ఏ బండీ పూర్తిగా చావదు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. కొత్త సామాను ఓడలో రావాలి. అందుకని చచ్చిన బండిలోంచి ఒక ముక్క కోసి, బతికున్న బండికి వేస్తారు. అందరూ చేసేదే. మా మరిది వాసుదేవ్ కూడా అదే చేశాడు.

టూరిస్టులను తిప్పే అతని కారుకి సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోయింది. బతు బస్తీలో వెల్డింగ్ చేసే పోలిరాజు, తుక్కులో పడున్న వేరే కారు గొట్టం తెచ్చి అతికించాడు. చప్పుడు ఆపే డబ్బా లేదు దానికి. పొట్టిగా ఉండి డిక్కీ కిందే ఆగిపోయింది కూడా.

"మోటారు బోటులాగ మోగతంది కదా వదినా! దూరం నుంచే అందరూ తప్పుకుంటారు," అని మురిసిపోయాడు.

"పోలీసోడు పట్టుకుంటే నీకూ దానికీ ఒకేపాలి మోగతాది," అన్నాడు మా ఆయన నూకన్న.

అయినా మా అత్తను ఆస్పత్రి నుంచి గరాచర్మలో మా ఇంటికి తీసుకురావడానికి ఆ కారే అడిగి తెచ్చాడు. అత్త పేరు తాతమ్మ. కంటి ఆపరేషన్ అయింది. కంటికి గాలి తగలకూడదన్నారు, నీటి చుక్క పడకూడదన్నారు. ఆ సాయంత్రం చూస్తే కుండపోత వాన. అద్దాలన్నీ ఎక్కించేశాం. వెనక సీటంతా అత్తకే ఇచ్చి పడుకోబెట్టాను. సీటు కింద తుప్పు కన్నం ఒకటుంది, దాని మీద గోనెపట్టా కప్పి ఉంది. నేను ముందు, కారు నడిపే మా ఆయన పక్కన కూర్చున్నాను.

ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ బల్ల మీద కూర్చునే తెల్లవార్చాను. నా ఒళ్లు నాది కానట్టుంది.

"ఇది కారేట్రా, లాంచీయా? నన్ను సముద్రంలోకి అట్టుకుపోతన్నావేటి?" అని అత్త వెనకనుంచి మొదలుపెట్టింది.

"కంటికి కట్టు కట్టినారు గానీ నోటికి కట్టలేదే అమ్మా," అన్నాడు మా ఆయన.

"కట్టినా నీ పెళ్లాం ఇప్పీసును, ఇనకపోతే దానికి తోచదు."

నేను నవ్వలేదు. నవ్వడానికి కూడా ఓపిక లేదు.

డాలీగంజ్ దగ్గర బళ్లు ఆగిపోయాయి. ముందెక్కడో చెట్టు కొమ్మ పడిందట. మా దగ్గర పెందలాడే చీకటి పడుతుంది, ఆపైన వాన. ముందు బస్సు ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. ఇంజను ఆగకుండా మోగుతోంది. మసి వాసన వస్తోంది. తల బరువెక్కింది. మా ఆయన నుదురు నొక్కుకుంటూ, పాన్ ఉమ్మడానికి మాటిమాటికీ తనవైపు అద్దం కొంచెం దించుతున్నాడు.

కాసేపటికి అత్త మాట ఆగింది.

హమ్మయ్య, నిద్రపోయింది అనుకున్నాను.

అప్పుడు... నా తలలోకి వేళ్లు వచ్చాయి.

వెనకనుంచి, మెల్లగా. ముడి విప్పి, చిక్కు తీస్తున్నట్టు. మసి వాసనలో కొబ్బరినూనె వాసన కలిసింది. చిన్నప్పుడు మా అమ్మ దువ్విన తర్వాత నా తల ఎవరూ ముట్టుకోలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కళ్లు మూతలు పడ్డాయి.

"సో జావో దీదీ... సో జావో..."

పడుకోమంటోంది. ఆడమనిషి గొంతు. గుసగుస.

అత్తకి హిందీ రాదు.

కళ్లు బలవంతాన తెరిచి పైనున్న చిన్న అద్దంలోకి చూశాను. వెనక బండి దీపాల వెలుతురులో అత్త వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ గుండెల మీదే ఉన్నాయి.

నా తలలో వేళ్లు ఆగలేదు.

మా ఆయన్ని పిలుద్దామంటే నాలుక కదల్లేదు. చెయ్యి ఎత్తుదామంటే... చెయ్యి రాలేదు. చెవి పక్కనే ఊపిరి. చల్లగా.

"బస్... థోడా ఔర్..."

ఇంకొంచెమే, అంటోంది.

ఎవరో అద్దం మీద కొట్టారు. ట్రాఫిక్ పోలీసు, రెయిన్ కోటులో. మా ఆయన అద్దం దించాడు.

"క్యా భయ్యా, సైలెన్సర్ కోయించేశావా? కంపెనీ ఇచ్చింది తీసేయడం నేరం, తెల్వదా?"

"నా బండి కాదు సార్... తమ్ముడిది."

"తమ్ముడిదైతే చలాన్ పడదా?"

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. అద్దంలో అత్త ముఖం కమిలిన ఎరుపులో ఉంది. గుండెల మీద చేతులు ఊపిరికి లేవడం లేదు, దిగడం లేదు. నలుగురిలో నోరెత్తే మనిషిని కాను నేను. ఎత్తుదామన్నా నోరు లేదు. ఒళ్లంతా తలుపు మీదికి వాలేశాను. మోచెయ్యి గెడకి తగిలింది. వాన నీళ్లలో పడ్డాను.

"అత్త..." అన్నాను.

పోలీసు వెనక తలుపు తీసి, దగ్గుతూ వెనక్కి తగ్గాడు. "అరే, పొగంతా లోపలికే వస్తోంది! బయటికి లాగు, జల్దీ!"

ఇద్దరూ అత్తను రోడ్డు పక్క అరుగు మీదికి మోశారు. కంటి కట్టు తడిసిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. చాలాసేపటికి అత్త ఊపిరి పెద్దగా లాగింది. నేను ఏడ్చాను. ఏడుస్తూ ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను.

తలంటుకోవడం కుదరదని ఆస్పత్రిలో ఆమె జుట్టంతా పొట్టిగా కత్తిరించారు. పొద్దున్న నేనే చూశాను.

నా ఒళ్లో నడుముదాకా జడ ఉంది. గట్టిగా, నున్నగా అల్లింది. నల్లటి జడ.

మర్నాడు మా ఆయన పోలిరాజును పట్టుకుని, ఆ గొట్టం ఏ కారుదని అడిగాడు. "ఆ కారులో ఇద్దరు ఆడోళ్లు... వానలో ఏసీ ఏసుకుని నిద్రోయినారు, అన్నా. లెగలేదు. ఇనుముకేటి తెలుస్తాదని..." అన్నాడు.

గొట్టం తీసేశారు. ఓడలో కొత్త సైలెన్సర్ వచ్చింది, వాసుదేవ్ చలాన్ కట్టాడు. కారు ఇప్పుడు పిల్లిలా పోతుంది. అత్త మాత్రం మాట్లాడదు. జడ కోసేద్దామని కత్తెర తీస్తే రెండు చేతులతో పట్టుకుంటుంది. రోజూ పొద్దున్నకి అది కొత్తగా అల్లినట్టే ఉంటుంది. నూనె వాసన. పొగ వాసన.

నేను నిద్రపోవడం మానేశాను. ఎంతకని మానగలను?

నిన్న మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చునే కునుకు పట్టింది. లేచేసరికి నా ముడి విప్పి ఉంది. జుట్టు మూడు పాయలుగా విడదీసి, భుజం మీద వేసి ఉంది.

ఇంకా అల్లలేదు.