మధ్యాహ్నం వంతు పిల్లనగ్రోవి

"ఆ మైకు నీదేనా అప్పా?"

హేమావతి గుడి మెట్ల మీద నిలబడి అడిగింది. కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి.

"నాదే. తిప్పేష్ సౌండ్ సిస్టమ్. బోర్డు కూడా ఉండాది."

"బోర్డు లేకపోయినా తెలుస్తాంది. రెండు రోజులుగా నా చెవుల్లో అదే మోగుతాంది."

వానల్లేక మా బెళుగుప్పలో వేరుశనగ విత్తనాలు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. అందుకే ఊరంతా కలిసి ఆంజనేయస్వామి గుడిలో సప్తాహం మొదలుపెట్టింది. ఏడు రోజులు జట్లు మారుతూ ఉంటాయి గానీ భజన ఒక్క నిమిషం కూడా తెగకూడదు. హేమావతి కల్యాణదుర్గంలో ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. ఆమె ఇల్లు గుడి గోడకు ఆనుకునే ఉంది.

"భజన పెద్ద మీ నాయనే కదా. ఆయనకే చెప్పు."

"చెప్పినా. దేవుని పేరు వింటా పండుకో, మంచిదే అన్నాడు."

ఆమె మెట్టు మీద కూలబడింది. గొంతు తగ్గించింది.

"రాత్రి ఒకాయన సూది పక్క మంచం ఆయనకు వేయబోయినా. ఆఖర్లో చూసుకున్నా కాబట్టి సరిపోయింది. ఇంకో రోజు నిద్ర లేకుంటే ఎవురికేం చేస్తానో నాకే భయంగా ఉండాది తిప్పేషన్నా."

ఆమె అంత భయపడుతున్నప్పుడు కూడా ఆ 'అన్నా' దగ్గర నా మనసు చివుక్కుమంది. నా బుద్ధి అలాంటిది.

ఆ సాయంత్రమే హేమావతి నాయన లింగప్ప మామ దగ్గరికి పోయాను.

"మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వంతు నాకియ్యి మామా. మైకు లేకుండా పిల్లనగ్రోవి ఊదుతా."

"పాట లేకుండా ఉత్త ఊదుడేనా? స్వామి పేరు ఎవురు పలుకుతారు?"

"ఊదేవాడు మనసులో పలుకుతాడు. నీ బిడ్డ రాత్రి ఏం చేయబోయిందో అడిగినావా?"

మామ లోపలికి పోయి చాలాసేపటికి వచ్చాడు. "రేపటినుంచి ఊదు" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం, గొర్రెలు కాసే మా తాత నేర్పిన రామ భజన వరసలు అందుకున్నాను. నెమ్మదిగా ఊదాను. శబ్దం అమ్ముకుని బతికేవాడిని, నాకూ ప్రాణం కుదుటపడినట్లయింది. మరుసటి రోజు పొద్దున హేమావతి బస్సు దిగి నేరుగా నా షాపుకొచ్చింది.

"నిద్ర పట్టిందా?"

"మూడు గంటలూ. కల కూడా రాలేదు" అని మజ్జిగ చెంబు బల్ల మీద పెట్టి పోయింది. రోజూ పెట్టింది. అన్నా అనడం మానేసింది. నేను కారణం అడగలేదు, నా మనసు తెలిసిపోతుందని భయం.

ఏడో రోజు ఇంట్లో పడుకోకుండా గుడికే వచ్చింది. నా ఎదురుగా, నాయన పక్కన కూర్చుంది.

"ఈ పొద్దు మెలకువగా ఉండి వింటా" అంది. పది నిమిషాలకు తల మామ భుజం మీద వాలిపోయింది. మామ చేతిలోని తాళాలు మెల్లగా కింద పెట్టాడు.

మూడు గంటలకు తరువాతి జట్టు డోలకు పట్టుకుని వచ్చింది. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండప్పా, బిడ్డ నిద్రపోతాంది. నువ్వు ఊదు తిప్పేషూ."

ఊదాను. మామ ఆమె వైపు చూసి నిట్టూర్చాడు.

"నీ ఊదుడుకు అలవాటు పడిపోయింది. రేపటినుంచి దీనికి నిద్ర ఎట్లా?"

"ఊదే ఆయప్పను ఇంటికి తెచ్చుకుంటే సరిపోతాది నాయనా" అంది హేమావతి, కళ్లు తెరవకుండానే.

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "వాడు ఒప్పుకోవాల కదా."

భజన తెగకూడదు, నోట్లో పిల్లనగ్రోవి ఉంది. తల ఊపాను, ఒకసారి సరిపోదేమోనని మూడుసార్లు.