వడకట్టని చప్పుడు

2011 సెప్టెంబర్ 27. భూపాలపల్లి పోలీస్ స్టేషన్. సాయంత్రం 4:10.

సకల జనుల సమ్మె పదిహేనో రోజు. గని ఆగింది. బస్సు ఆగింది. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

లాకప్‌లో దినేశ్ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. ఐదు గంటలకు అతన్ని కోర్టుకు పంపాలి. వకీళ్లు కూడా సమ్మెలో ఉన్నారు. ఒక్కసారి రిమాండ్ పడితే ఎప్పుడు బయటపడతాడో చెప్పలేం.

కేసు హార్డ్ డిస్క్ చోరీ. అందులో మూడేళ్ల పని ఉంది. మాటను కుదించి పంపి, అవతల రెప్పపాటులో విప్పే ఆడియో కోడెక్. గని లోపలున్నవాళ్లతో పైవాళ్లు ఆలస్యం లేకుండా మాట్లాడాలని దినేశ్, రాహుల్ కలిసి రాస్తున్న ప్రోగ్రాం. బయటికి పొక్కుతుందని ఇంకో కాపీ కూడా పెట్టుకోలేదు.

ఎస్సై శకుంతల జనగామ నుంచి బదిలీ మీద వచ్చి పన్నెండు రోజులైంది. దినేశ్‌ది గంగారం దగ్గర తండా. రాహుల్‌ది రేగొండలో పలుకుబడి ఉన్న కుటుంబం. అతని తండ్రి హన్మంత్ ‘ఇంకా పంపలేదా’ అంటూ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"మీరు పనిచేసే గదికి తాళంచెవులు ఎన్ని?" ఫిర్యాదు ఇచ్చి ఎదుట కూర్చున్న రాహుల్‌ను అడిగింది.

"రెండే మేడం. నాకొకటి, వానికొకటి," అన్నాడు రాహుల్.

"డిస్క్ ఎప్పుడు పోయింది?"

"రెండున్నరకు ఇద్దరం బయటికొచ్చినం. అప్పుడున్నది. మూడుంబావుకు నేను పోయేసరికి వీడొక్కడే ఉన్నడు. డిస్క్ లేదు."

"నడుమ నువ్వెక్కడున్నవ్?"

"ఇక్కడ్నే, గని దగ్గరున్న కిరాయింట్ల. మా ప్రోగ్రాంల టెస్ట్ రికార్డింగ్ చేసిన. టైం చూడుండ్రి."

ఫోన్ ముందుకు తోశాడు. ఫైల్ మీద ఆ రోజు తేదీ. 2:50 నుంచి 3:05.

"నేను తియ్యలే మేడం!" చువ్వల వెనక నుంచి అరిచాడు దినేశ్. "అన్నం తినొచ్చేసరికే లేదు."

"మీ ఇద్దరికి పంచాయితీ ఏంది?"

"వెనక చప్పుళ్లు మేడం. మాట తప్ప అన్నీ వడకట్టాలె, ప్రోగ్రాం కొంటనన్న హైదరాబాద్ కంపెనీకి గట్లయితేనే నచ్చుతదంటడు రాహుల్. నేనొద్దన్న. మా బాపు బావి తవ్వంగ మట్టి కూలి పోయిండు. ముందుగాల మట్టి రాలిన చప్పుడు పైనున్నోళ్లకు వినబడలే. అసొంటి చప్పుడు వినబడకుంటే ఈ ప్రోగ్రాం ఎందుకు?"

శకుంతల రాహుల్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. రికార్డింగ్ పెట్టింది.

రాహుల్ అంకెలు లెక్కపెడుతున్నాడు. దూరంగా కుక్క. పదో నిమిషంలో, మాటల వెనక, సన్నగా ఒక కూత.

"ఈ కూత ఏంది?"

"ఏ కూత మేడం?" రాహుల్ నిజంగానే తెల్లబోయాడు.

మళ్లీ పెట్టింది.

హెడ్ కానిస్టేబుల్ మొండయ్య నవ్వాడు. ఆయన పుట్టింది, పెరిగింది కార్మికుల క్వార్టర్లలోనే. "అది గని సైరన్ మేడం. మూడింటి షిఫ్టుది. చిన్నప్పటిసంది వింటున్నం, మా చెవులకు ఆననే ఆనదు."

"నేనొచ్చి పన్నెండు రోజులాయె. ఒక్కసారన్న నాకెందుకు వినబడలే?"

"సమ్మె గద మేడం, సైరన్ ఎక్కడ..."

మొండయ్య నోరు అక్కడే ఆగిపోయింది.

గడియారం 4:31.

"సైరన్ మోగక పదిహేను రోజులు," అంది శకుంతల. "మరి ఇది ఇయ్యాళ్టి రికార్డింగ్ ఎట్లయితది రాహుల్? పాత ఫైల్‌కు తేదీ మార్చినవ్. టైం కలిసేది ఏరుకున్నవ్. సైరన్ మాత్రం నీ చెవికి ఆనలే. నువ్వు కోరినట్టు చప్పుళ్లు వడకట్టి ఉంటే ఇయ్యాళ బతికిపోయేటోనివి. నిన్ను పట్టిచ్చింది దినేశ్ వడకట్టనియ్యని చప్పుడే."

రాహుల్ బండి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. డిస్క్ అతని బండి డిక్కీలోనే దొరికింది. కంపెనీకి తన ఒక్క పేరే చెప్పానని, దినేశ్ జైల్లో ఉంటే అడిగేవాడుండడని ఒప్పుకున్నాడు.

4:48. మొండయ్య లాకప్ తాళం తీశాడు.

దినేశ్ వరండా దాకా వచ్చి ఆగాడు. ఎదురుగా ఖాళీ రోడ్డు.

"ఎట్ల పోవాలె మేడం? బస్సుల్లేవు."

"నాకూ లేవు తమ్మీ. జనగామల నా బిడ్డను చూడక పన్నెండు రోజులు. ముందు మీ అవ్వకు చెప్పు." తన ఫోన్ ఇచ్చింది.

"యాడీ..." అని తండా భాషలో తల్లిని పిలిచాడు దినేశ్. అవతల తల్లి రుక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు వెనక మేక అరుపు. దినేశ్ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని ఆ అరుపు కూడా విన్నాడు.